పైన శ్రీ లేని జాబు

మోకాళ్లు బొత్తిగా మాట వినని రోజుల్లోనే ఎవరో ఒకరు వచ్చి తలుపు కొడతారు. మొన్న ఆదివారం వచ్చింది మా పై అంతస్తులో ఉండే భార్గవి. ఇక్కడే పెరంబూరులో ఒక బడిలో సోషల్ చెబుతుంది. ముత్తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడిన కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటారు గాని ఆ పిల్లకు తెలుగు చదవడం రాదు, చదివిందంతా తమిళం, ఇంగ్లీషు. చేతిలో బడివాళ్లు ఇచ్చిన అచ్చు కాగితం ఒకటి పట్టుకొచ్చింది. ఇకమీద పాఠ్యపుస్తకం పక్కనపెట్టి పాత ఉత్తరాలు, టిక్కెట్లు, కార్డులు పిల్లల ముందు పెట్టి, వాళ్ల చేతనే చరిత్ర చెప్పించాలట. ఇది కొత్త పద్ధతి అని రెండు రోజులు శిక్షణ కూడా ఇచ్చారట. "మీరు ముప్పై ఏండ్లు సోషల్ టీచర్‌గా ఉండారు కదా అవ్వా, మీరెప్పుడన్నా ఇట్ల చేసినారా?" అని అడిగింది. లేదన్నాను. నేను నోట్సు చెప్పేదాన్ని, పిల్లలు రాసుకునేవాళ్లు, పరీక్ష పాసయ్యేవాళ్లు. అది నిజమే. ఎందుకు చేయలేదో చెప్పే ఓపిక మాత్రం లేకపోయింది. ఇంట్లో పాత కాగితాలేమైనా ఉంటే వెతికి పెట్టమని చెప్పి, వచ్చే ఆదివారం వస్తానని వెళ్లిపోయింది. వెతికే పని లేదు. ఏ పెట్టెలో, ఏ చీర కింద ఏముందో నాకు తెలుసు.

నా చిన్నప్పుడు మేం రైల్వే వర్క్‌షాపు దగ్గర వరస ఇళ్లలో ఉండేవాళ్లం. పొద్దున వర్క్‌షాపు సంగు, అంటే సైరను, ఊదితే పెరంబూరంతా ఒక్కసారి ఒళ్లు విరుచుకునేది. నాయన పేరు చెంచయ్య, వర్క్‌షాపులో ఫిట్టరు. సంగు ఊదేలోపల ఆయనకు కాఫీ, టిఫిను క్యారియరు, ఉతికిన నీలం చొక్కా సిద్ధంగా ఉండాలి. చొక్కా ఎంత తెల్లవారుజామున ఆరేసినా బొగ్గు నుసి పడేది. అమ్మ దాన్ని దులుపుతూ రైళ్లన్నిటినీ తిట్టేది, ఆ రైళ్ల వల్లే మేం తింటున్నామన్న సంగతి నాయన గుర్తు చేసేవాడు. ఈ సందడి ఏదీ పట్టించుకోకుండా అవ్వ, అంటే నాయన తల్లి, వసారాలో కూచుని బొట్టు పెట్టుకునేది. ఇత్తడి భరిణెలో ఒక అరలో మైనం, ఒక అరలో కుంకుమ. ముందు వేలితో మైనం నుదుటి మీద రుద్ది, దాని మీద రూపాయంత కుంకుమ అద్దేది. ఆ పని పూర్తయ్యేదాకా ఎవరూ పలకరించకూడదు. మైనం వాసన, వేగుతున్న కాఫీగింజల వాసన, బొగ్గుపొగ, ఈ మూడూ కలిస్తే నాకు ఈనాటికీ అది మా ఇల్లే.

తాతను నేను ఎరగను. రంగూనులో బియ్యం మిల్లులో పనికి ఓడెక్కి వెళ్లాడు. రెండు మూడేళ్లకోసారి వచ్చి వెళ్లేవాడట. యుద్ధం వచ్చి రంగూను మీద బాంబులు పడ్డప్పుడు అక్కడి మనవాళ్లంతా కొండల మీదుగా నడిచి బయల్దేరారు. కొందరు చేరారు, కొందరు చేరలేదు. మా తాత చేరలేదు, కబురూ రాలేదు. కబురు లేదంటే మనిషి ఉన్నట్టే లెక్క అని అవ్వ అనేది. పోయినట్టు కబురు రానంతవరకు ఆమె ముత్తైదువే. అంతేకాదు, ఆ వరసలో అందరికన్నా పెద్ద ముత్తైదువ. ఎవరింట పేరంటమైనా మొదటి తాంబూలం ఆమెకే, పెళ్లికూతురికి మొదటి పసుపు ఆమె చేతితోనే. మనిషి కనిపించకుండా పన్నెండేళ్లు గడిస్తే పోయినట్టే అనుకుని కర్మ చేయాలని పెద్దల మాట ఒకటి ఉంది. నేను చెప్పబోయే నాటికి ఆ పన్నెండేళ్లకు ఇంకా ఏడాది తక్కువగా ఉంది. ఆ మాట ఎవరైనా ఎత్తితే అవ్వ లేచి లోపలికి వెళ్లిపోయేది.

ఆ ఏడే పట్నంలో ట్రాములు ఆగిపోయాయి. ఆగిన కొద్ది రోజులకు మా బడిలో చెంగల్రాయులు సారు జేబులోంచి నలిగిన ట్రాము టిక్కెట్టు తీసి బల్ల మీద పెట్టారు. మాది తెలుగు సెక్షను, ముప్పైమందికి లోపే. హిస్టరీ, జాగ్రఫీ కలిపేసి సోషల్ అని కొత్తగా పేరుపెట్టిన రోజులు. తక్కిన సార్లకు అది ఎట్లా చెప్పాలో తెలియక పుస్తకం చదివించి వదిలేసేవాళ్లు. ఈయన మాత్రం బోర్డు మీద నాలుగు ప్రశ్నలు రాశారు. ఎవరు రాశారు? ఎవరి కోసం రాశారు? అప్పుడు బయట ఏం జరుగుతూ ఉంది? ఏ మాట రాయకుండా వదిలేశారు? ఆ టిక్కెట్టును పట్టుకుని మేం పీరియడంతా కొట్లాడుకున్నాం. అది కొన్నవాడు పనికి వెళ్తున్నాడా, పెళ్లికి వెళ్తున్నాడా, ఎక్కడ ఎక్కాడు, ఎందుకు దాచాడు? ఒకడు వాడు డబ్బున్నవాడన్నాడు, ఇంకొకడు డబ్బున్నవాడు టిక్కెట్టు దాస్తాడా అన్నాడు. సారు ఎవరిదీ తప్పనలేదు. ఆ మాట టిక్కెట్టులో ఎక్కడుందో చూపించమని మాత్రం అడిగేవారు.

"కాగితం సాక్షి మాదిరి. సాక్షిని అడగాల, బెదిరించకూడదు. ఒక్క లైను వదలకూడదు, ఒక్క మాట మనం చేర్చకూడదు" అనేవారు. ఆ రెండు నియమాలూ మాకు నమస్కారంలాగా అలవాటైపోయాయి. తరవాత ఒకరు రేషను కార్డు తెచ్చారు, ఒకరు పసుపు మూలలున్న పాత శుభలేఖ తెచ్చారు. మా క్లాసు సంతలాగా ఉందని పక్క క్లాసువాళ్లు చెప్పుకున్నారు. నేను అంతవరకు వెనక బెంచీలో నోరు మెదపని పిల్లను. కాగితాన్ని ప్రశ్నించడంలో నాకంటే చురుకైనవాళ్లు లేరని ఆ నెలలోనే నాకు తెలిసింది. పన్నెండేళ్ల పిల్లకు అంతకన్నా మత్తు ఇంకేముంటుంది!

ఒకనాడు సారు యుద్ధకాలం నాటి కాగితం ఏదైనా తెమ్మన్నారు. మా ఇంట్లో కాగితాలంటే నాయన పంచాంగాలే. ప్రతి ఏడాదిదీ బట్టలో కట్టి అటక మీద పెట్టేవాడు. అంచుల్లో పెన్సిలుతో ఎవరు పుట్టారో, ఎప్పుడు తుపాను వచ్చిందో, బాంబులు పడతాయన్న భయంతో పట్నం ఎప్పుడు ఖాళీ అయిందో రాసుకునేవాడు. వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. నాయన పనికి వెళ్లాడు, అవ్వ కాఫీగింజలు వేయిస్తోంది. నేను బియ్యం డబ్బా ఎక్కి ఆ యుద్ధపు ఏటి పంచాంగం లాగి, పుస్తకాల సంచిలో పెట్టుకుని వెళ్లాను. అడిగితే ఇవ్వడని తెలుసు. సాయంత్రానికి తిరిగి పెట్టేస్తే తెలియదనీ అనుకున్నాను.

నలుగురేసి గుండ్రంగా కూచున్నాం. నా పక్కన కామాక్షి, మా వరసలో మూడో ఇంటి పిల్ల. పేజీలు తిప్పుతుంటే మధ్యలో ఒక జాబు, మడతల్లో అంటుకుపోయి, బయటపడింది. దూరంగా ఉన్న సారు అక్కడినుంచే చదవమన్నారు, లైను వదలొద్దన్నారు. నేను లేచి నిలబడ్డాను. మొదటి మాట నేనే కనిపెట్టాను. "సారు, అన్ని జాబులకూ పైన శ్రీ అని ఉంటుంది. దీనికి లేదు సారు" అన్నాను గొప్పగా. సారు తల తిప్పి మా వైపు రావడం మొదలుపెట్టారు. శ్రీ లేకుండా రాసేది చావు కబురేనని ఆయనకు తెలుసు, కామాక్షికి తెలుసు. అటువంటి జాబు చదివి, స్నానం చేసి, చింపి అవతల పారేస్తారు గనక నేను అంతవరకూ దాన్ని చూడలేదు.

ఆయన వచ్చేలోపల నేను చదివేశాను. నా చదువు అంత ధాటిగా ఉండేది. రాసినాయన తాతతోపాటు మిల్లులో పనిచేసిన మనిషి. అస్సాంలో ఒక శిబిరం నుంచి మా నాయన పేరిట రాశాడు. "దారిలో మీ తండ్రిగారికి వాంతిభేదులు తగిలినవి. రెండు దినములు మేము మోసికొని వచ్చినాము. మూడవ దినమున దాహము దాహమని అడిగినారు, ఆ కొండలలో ఎచ్చటను చుక్క నీరు దొరకలేదు. ఆ సాయంకాలమే కాలము చేసినారు. ఈ జాబు చూచిన వెంటనే స్నానము చేయవలెను." చదివి, అలవాటుగా బోర్డు వైపు చూశాను. ఎవరి కోసం రాశారు? మా నాయన కోసం సారు, అన్నాను. ఎవరి గురించి అని ఎవరూ అడగలేదు. మా తాత గురించి అని నేనే చెప్పాను. నాలుగో ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలని చెయ్యి ఎత్తాను. అప్పుడు సారు వచ్చి, ఆ ఎత్తిన చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించారు.

కామాక్షి ఒక్కతే, విన్నవాళ్లు కూడా స్నానం చేయాలా సారు అని అడిగింది. అక్కర్లేదన్నారు సారు. ఇంటికి వెళ్లి ఈ మాట ఎవరికీ చెప్పకండని ఒక్కొక్కరినీ బతిమాలినట్టు అడిగారు. అందరూ సరే అన్నారు. కామాక్షి మాట తప్పే పిల్ల కాదు, చెప్పలేదు కూడా. కాని మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్లినప్పుడు ఆ మైలతో అన్నం ముట్టుకోవడానికి దానికి మనసొప్పలేదు. కార్పొరేషను కుళాయి వచ్చే వేళ కాదు. పొద్దున పట్టి పెట్టుకున్న గంగాళం నీళ్లు, వంటకని దాచినవి, కట్టుబట్టలతో నెత్తిన గుమ్మరించుకుంది. వాళ్లమ్మ నాలుగు వేసి, ఎందుకు చేశావని నిలదీసింది. చావు జాబు చదివితే విన్నానంది. ఎవరు చదివారంటే సుగుణ అని నా పేరు చెప్పింది. తాత మాట దాని నోట రాలేదు. పేరు చెప్పమంటే చెప్పింది, అంతే. ఆ ఒక్క పేరుతో మిగతా సంగతంతా వాళ్లమ్మకు తెలిసిపోయింది.

సాయంత్రం సారు జాబుతో సహా పంచాంగాన్ని పేపరులో చుట్టి తీసుకుని మా ఇంటికి వచ్చారు. మా వరసలోకి ఒక అయ్యవారు రావడం అదే మొదలు. నాయన అప్పుడే పని దిగి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆ పొట్లం చూడగానే చెంబు పక్కన పెట్టేశాడు. కామాక్షి వాళ్లమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు అప్పటికే వాకిట్లో, లోపలికి రాకుండా నిలబడి ఉన్నారు. వాళ్ల ముఖాలు చూసి అవ్వే అడిగింది.

"చెంచయ్యా, నిజమేనారా?"

నాయన తల ఎత్తలేదు. "పన్నెండేండ్లు నిండితే పెద్దోళ్లే చెప్తారు, నా నోటితో చెప్పే పని తప్పుతాది అనుకున్నానమ్మా" అన్నాడు. ముందు వరలక్ష్మీ వ్రతం పోనీ అనుకున్నాడట, తరవాత దీపావళి పోనీ అనుకున్నాడట. జాబు చదివినవాడు స్నానం చేయాలి, చేస్తే ఇంట్లో ఎందుకని అడుగుతారు. అందుకని వర్క్‌షాపు కుళాయి కింద చేసి, చెమట పట్టిందని చెప్పి ఇంటికి వచ్చాడట. పదకొండేళ్లుగా మా నాయన తల్లి బొట్టు వైపు సూటిగా చూసింది లేదని అమ్మ చాలాకాలానికి నాతో అంది. పిరికితనం అనాలో, ప్రేమ అనాలో నాకు ఇప్పటికీ తేలలేదు. రెండూ కలిసే ఉంటాయి.

అవ్వ అరుగు మీద కూచుంది. "అయ్యవారూ, మీరు చదవండి. వాని నోటితో నేను ఇనలేను" అంది. సారు చదివారు. పొద్దున క్లాసులో లైను వదలొద్దన్న మనిషి. వాంతిభేదుల దాకా చదివారు, రెండు దినాలు మోశామన్న దాకా చదివారు. అక్కడ ఒక క్షణం ఆగి, నేరుగా సాయంకాలంలోకి వెళ్లిపోయారు. దాహం మాట చదవలేదు. నేను తలుపు చాటున ఉన్నాను. ఆ లైను నాకు కంఠతా వచ్చు.

అవ్వ ఏడవలేదు. "కడాకి నోట్లో నీళ్లు పోసినారంటనా?" అని అడిగింది.

"పోసినారమ్మా. కూడా ఉండినాయన పోసినాడు" అన్నారు సారు.

అంతా స్నానాలు చేశాం. నాయన జాబు చింపబోతే అవ్వ చింపనివ్వలేదు. ఇన్నేళ్లు ఇంట్లో ఉన్నదే కదా, ఇప్పుడు చింపితే ఏం వస్తుంది, ఆయన తరఫున వచ్చింది ఇదొక్కటే అంది. పదో రోజున గాజులు పోయాయి, మెట్టెలు పోయాయి, ఇత్తడి భరిణె ఏమైందో నేను చూడలేదు. నలభై ఏళ్లు కుంకుమ కింద ఉన్న చోట నుదుటి మీద తెల్లటి గుండ్రం మిగిలింది. చాలా నెలలు అది మానిన పుండులా కనిపించేది. పేరంటాలకు పిలుపులు ఆగాయి. అంతటితో పోలేదు. మా పిల్లకు పసుపు పెట్టినప్పటికే ఈమె ఇట్లా అయ్యుంది కదా అని ఒకరిద్దరు మా వాకిట్లోనే అన్నారు. అవ్వ నన్ను ఒక్క మాట అనలేదు. నేనే ఒకరోజు ఏడుస్తూ దగ్గరికి వెళ్తే, "నువ్వేం చేసినావే, కాగితం చదివినావు" అని తల నిమిరింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆడవాళ్లు బడికి వెళ్లి పెద్దసారుతో చెప్పుకున్నారు. ఇళ్లలోని కాగితాలు బడికెందుకని ఆయన అడిగాడట. సోమవారం నుంచి చెంగల్రాయులు సారు పుస్తకం తెరిచి నోట్సు చెప్పడం మొదలుపెట్టారు. బోర్డు మీది నాలుగు ప్రశ్నలు తుడిచేశారు. ఒకరోజు బడి విడిచాక ఆయన వెనకే నడిచి, మళ్లీ కాగితాలు తెమ్మంటారా సారు అని అడిగాను. ఆయన గొడుగు చంకలో పెట్టుకుని నిలబడ్డారు.

"నేను మీ ఇంట్లో ఒక లైను వదిలినా, ఒక మాట చేర్చినా. నువ్వు చూసినావు కదా?" అన్నారు.

"చూసినా సారు."

"అయితే ఇంక నేను మీకు చెప్పేదేముంది" అని నడిచి వెళ్లిపోయారు. మరుసటి ఏడు వేరే బడికి మారిపోయారు. తరవాత ఆయన సంగతి నాకు తెలియదు.

ఆ ఎండాకాలమే అవ్వ వాకిట్లో ఇసుక పోసి, నీళ్లకుండ, మూత మీద లోటా పెట్టింది. వర్క్‌షాపు నుంచి వచ్చేవాళ్లు ఆగి తాగి వెళ్లేవాళ్లు. తాత నోట్లో నీళ్లు పోసిన ఆ పుణ్యాత్ముడి పేరు చెప్పి పెట్టిందని మేమంతా అనుకున్నాం. ఎండాకాలం పోయినా కుండ తీయలేదు. కుళాయిలో నీళ్లు రాని రోజుల్లో కూడా తన స్నానం మానుకుని కుండ నింపేది. ఏటా తాత తిథినాడు నన్ను పిలిచి ఆ జాబు చదవమనేది. నేను చదివేదాన్ని. సారు ఎక్కడ ఆగి ఎక్కడికి దూకారో నేనూ అక్కడే ఆగి అక్కడికే దూకేదాన్ని. ఆమె చివరి ఏడాది, మంచం మీద ఉండి, అప్పటికి నేను టీచరు ట్రైనింగులో ఉన్నాను, జాబు చదవడం అయ్యాక అడిగింది.

"అయ్యవారూ ఆడనే ఆగినాడు, నువ్వూ ఆడనే ఆగతావు. ఆడ ఏముందే?"

"ఏం లేదవ్వా, ఇంకు పోయింది" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. "సరే పో. బయట కుండలో నీళ్లు ఉండాయేమో చూడు" అంది. వెళ్లి చూశాను. నిండా ఉన్నాయి.

అక్షరం ముక్క రాని మనిషి నాలుగో ప్రశ్నను అందరికన్నా బాగా అడిగింది. నేను మాత్రం ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఏ పిల్లనూ ఇంటినుంచి కాగితం తెమ్మనలేదు. ఇన్‌స్పెక్టర్లు వచ్చి మీ క్లాసు ఎంత నిశ్శబ్దంగా ఉందో అని మెచ్చుకునేవాళ్లు. అవును, నిశ్శబ్దంగానే ఉండేది. ఇప్పుడు సంగు వినిపించదు, బొగ్గు నుసి పడదు. వాకిట్లో కుండ పెట్టే చోటు మా అపార్ట్‌మెంటులో లేదు, లిఫ్టు పక్కన నీళ్ల క్యాను పెట్టారు. అప్పుడు మంచిదా, ఇప్పుడు మంచిదా అని అడిగేవాళ్లతో వాదించే శక్తి నాకు లేదు. ఆడమనిషి నుదుటి మీది కుంకుమను ఒక కాగితం తుడిచేయగలిగిన రోజులు తిరిగి రాకూడదు, ఆ మాట మాత్రం చెప్పగలను. కాని ఒక టిక్కెట్టు ముక్క చుట్టూ మేం పోట్లాడుకున్న ఆ పీరియడు మళ్లీ రావాలని మనసు అడుగుతూనే ఉంది.

ఈ ఆదివారం భార్గవి చెప్పినట్టే వచ్చింది. పంచాంగం, జాబు బల్ల మీద పెట్టి ఇదంతా చెప్పాను. పైన శ్రీ లేని చోటు చూపించాను. ఫోనుతో ఫోటో తీసుకుంది. చదవండి అవ్వా, నేను రాసుకుంటాను అంది. చదివాను. అరవై ఏళ్లకు పైబడ్డ అలవాటు, నాలుక దానంతట అదే ఆ లైను దాటేసింది. సారు వదిలిన లైను ఉందని చెప్పానే గాని అందులో ఏముందో చెప్పలేదని నాకే అప్పుడు తట్టలేదు. ఆ పిల్ల రాసుకుని, థాంక్స్ చెప్పి, చెప్పులు వేసుకుని లిఫ్టు దాకా వెళ్లింది. నేను జాబు మడవబోయి చూశాను. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి గాని ఆ లైను దగ్గర ఇంకు రాసిన నాటిలాగే నల్లగా ఉంది.

"ఉండమ్మా, ఒక లైను వదిలేశాను" అని పిలిచాను.

తిరిగొచ్చి నిలబడే విన్నది. దాహము దాహమని అడిగినారు, ఆ కొండలలో ఎచ్చటను చుక్క నీరు దొరకలేదు. భార్గవి పుస్తకం తెరవలేదు, ఏమీ రాసుకోలేదు. వాక్యం చిన్నదే, చదవడానికి ఒక గుక్కంత సేపు కూడా పట్టలేదు. అవ్వ అడిగినప్పుడు చదివి ఉండాల్సింది.